మీర్జాగూడ రోడ్డు ప్రమాదం, పలు వాహనాల ప్రమాదాల దర్యాప్తు

మీర్జాగూడ రోడ్డు ప్రమాదం 2025 నవంబరు 3, సోమవారం ఉదయాన్నే రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర జరిగింది. తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న తెలంగాణ ఆర్టీసీ బస్సును కంకర లోడుతో ఎదురుగా వచ్చిన టిప్పర్ ఢీకొని, దాని మీదికే ఒరిగిపోయింది. ఇద్దరు డ్రైవర్లతో కలిపి 19 మంది చనిపోయారు. ఇరవై మందికి పైగా గాయపడ్డారు. అంతకు పది రోజుల ముందు, అక్టోబరు 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర ప్రైవేటు బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. ఒకదాని వెంట ఒకటి వచ్చిన ఈ రెండు ఘటనలతో రోడ్డు ప్రమాదాలను మనం ఎలా దర్యాప్తు చేస్తున్నాం, ఆ దర్యాప్తు ఎక్కడ ఆగిపోతోంది అన్న చర్చ తెలుగు రాష్ట్రాల్లో మళ్లీ మొదలైంది.

ఒకే నంబరు, రెండు రకాల రోడ్డు

ప్రమాదం జరిగిన దారిని చుట్టుపక్కల వాళ్లు బీజాపూర్ రోడ్డు అంటారు. ప్రభుత్వ లెక్కల్లో అది 163వ నంబరు జాతీయ రహదారి. కొడంగల్ వైపు నుంచి మన్నెగూడ, చేవెళ్ల, మొయినాబాద్ మీదుగా హైదరాబాద్ చేరుతుంది. అక్కడి నుంచి భువనగిరి, జనగామ, స్టేషన్ ఘన్‌పూర్, వరంగల్, ములుగు దాటి ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం దాకా సాగుతుంది. హైదరాబాద్‌కు తూర్పున ఉన్న భాగానికి పాత నంబరు 202. పెద్దవాళ్లు చాలామంది ఇప్పటికీ ఆ నంబరుతోనే పిలుస్తారు.

నగరానికి రెండు వైపులా ఈ దారి రెండు తీర్లుగా ఉంది. తూర్పున భువనగిరి, జనగామల మీదుగా వరంగల్ వరకు నాలుగు వరుసలు వేశారు. నడుమ డివైడరు ఉంది. పడమట పోలీసు అకాడమీ దగ్గరి అప్పా కూడలి నుంచి మన్నెగూడ వరకు ఉన్న 46 కిలోమీటర్లు ప్రమాదం నాటికి రెండు వరుసల రోడ్డే. స్టేషన్ ఘన్‌పూర్‌లో హైదరాబాద్ బస్సెక్కే మనిషి, తాండూరులో బస్సెక్కే మనిషి ఒకే జాతీయ రహదారి మీద రాజధానికి వస్తారు. ఎదురుగా వచ్చే లారీకీ తమకూ మధ్య మొదటి మనిషికి డివైడరు అడ్డం ఉంటుంది. రెండో మనిషికి తెల్ల గీత ఒక్కటే ఉంటుంది.

పడమటి భాగం విస్తరణ ఏళ్ల తరబడి ఆగడానికి ఒక ముఖ్య కారణం మర్రిచెట్లు. రోడ్డుకు రెండు పక్కలా నిజాం కాలం నాటి మర్రిచెట్లు దాదాపు తొమ్మిది వందలు ఉన్నాయి. వాటిని కొట్టేయవద్దని పర్యావరణ ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. వీలైనన్ని చెట్లను ఉన్నచోటే ఉంచి, తప్పనిసరైన వాటిని పెకలించి వేరేచోట నాటేలా ప్రణాళిక మార్చాక, ప్రమాదానికి కొద్ది రోజుల ముందే పనులకు దారి తెరుచుకుంది. ప్రమాదం తర్వాత కొందరు నెపమంతా చెట్ల మీదా, కేసు వేసినవారి మీదా పెట్టారు. ఇది న్యాయమైన మాట కాదు. చెట్లను నడుమ వదిలి ఇరుపక్కలా దారి వేసే పద్ధతి ఇంజనీర్లకు కొత్తేమీ కాదు. విస్తరణ ఆగిన ఏళ్లలో కూడా గుంతలు పూడ్చడానికి, మలుపుల్లో హెచ్చరికలు పెట్టడానికి, భారీ వాహనాల వేగాన్ని అదుపు చేయడానికి ఏ ట్రిబ్యునలూ అడ్డు చెప్పలేదు.

ఢీకొన్న తీరు

బస్సు తాండూరు డిపోది. తెల్లవారకముందే బయలుదేరింది. వారాంతపు సెలవు ముగిసిన సోమవారం కావడంతో హైదరాబాద్‌లో చదువుకునే విద్యార్థులు, ఉద్యోగాలు చేసుకునేవారు పెద్ద సంఖ్యలో ఎక్కారు. సీట్లు నిండి నిలబడ్డవారితో కలిపి ప్రయాణికులు డెబ్బై మంది దాకా ఉన్నారు. టిప్పర్ పటాన్‌చెరు వైపు క్వారీల నుంచి కంకరతో చేవెళ్ల వైపు వస్తోంది. మీర్జాగూడ దగ్గర అది తన వరుస వదిలి బస్సు కుడి పక్కను, అంటే డ్రైవరు వైపును, బలంగా తాకింది. రోడ్డు మీది గుంతను తప్పించబోయి అదుపు తప్పిందన్న మాట మొదటి రోజు నుంచే వినిపించింది.

ఎదురెదురుగా వచ్చే రెండు వాహనాలు చెరో 60 కిలోమీటర్ల వేగంతో ఉంటే, వాటి మధ్య దూరం సెకనుకు 33 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. వంద మీటర్ల దూరంలో ప్రమాదాన్ని గుర్తించినా మిగిలేది మూడు సెకన్లే. చూసిన దాన్ని మెదడు గ్రహించి, కాలు బ్రేకు మీద పడడానికి మామూలు మనిషికి సుమారు సెకనున్నర పడుతుంది. అంటే సగం సమయం బ్రేకు పడకముందే అయిపోతుంది. పొడి తారురోడ్డు మీద, మంచి బ్రేకులున్న వాహనం 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగడానికి, ఆలోచనకు పట్టే దూరంతో కలిపి, 45 మీటర్లు కావాలి. 80 కిలోమీటర్ల వేగంలో అది 70 మీటర్లకు చేరుతుంది. నిండు లోడుతో ఉన్న టిప్పర్‌కు ఇంకా ఎక్కువ కావాలి.

మీర్జాగూడలో ప్రాణనష్టం ఇంత పెరగడానికి ఢీకొన్న దెబ్బ ఒక్కటే కారణం కాదు. టిప్పర్ బస్సు మీదికి ఒరగడంతో తొట్టిలోని కంకరంతా చీలిపోయిన కుడి పక్క నుంచి లోపల కూర్చున్నవారి మీద పడింది. కంకర ఒక ఘనమీటరు సుమారు టన్నున్నర తూగుతుంది. నడుము లోతు కంకరలో కూరుకుపోయిన మనిషికి ఎముక విరగకపోయినా ఛాతీ కదలదు, ఊపిరి ఆడదు. కుడి వరుసల్లో కూర్చున్నవారే ఎక్కువగా చనిపోయారు. చనిపోయినవారిలో ఒకే ఇంటి ముగ్గురు అక్కచెల్లెళ్లు ఉన్నారు. చంటిబిడ్డతో ప్రయాణిస్తున్న తల్లి, ఆ బిడ్డ కూడా ఉన్నారు. స్థానికులు చేతులతో కంకర తోడారు. తర్వాత జేసీబీలు వచ్చాయి. యంత్రంతో తోడితే కింద బతికున్న మనిషికి దెబ్బ తగులుతుందన్న భయం ఒకవైపు, చేతులతో తోడితే ఆలస్యమవుతుందన్న భయం మరోవైపు. సహాయ పనులు చేయిస్తున్న పోలీసు అధికారి ఒకరు కూడా జేసీబీ కింద కాలు పడి గాయపడ్డారు.

గాయపడ్డవారిని చేవెళ్ల ప్రభుత్వాసుపత్రికి, చుట్టుపక్కల ఆసుపత్రులకు, హైదరాబాద్‌లోని పెద్దాసుపత్రులకు తరలించారు. చనిపోయినవారి కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షలు, ఆర్టీసీ 2 లక్షల రూపాయల సాయం ప్రకటించాయి. కేంద్రం మరో 2 లక్షలు ప్రకటించింది.

లోడు మీద పడి మనుషులు చనిపోవడం ఈ ఒక్క రోడ్డుకే పరిమితం కాదు. వరంగల్ సమీపంలోని మామునూరు దగ్గర, 2025 జనవరి 26న, ఇనుప కడ్డీల లోడుతో వెళ్తున్న లారీ బోల్తా పడి ఆ ఇనుమంతా ఆటోల మీద పడింది. ఆటోల్లో ఉన్న వలస కూలీ కుటుంబాల వాళ్లు చనిపోయారు. లోడును ఎంత వేశారు, ఎలా కట్టారు అన్నది డ్రైవరు స్టీరింగు పట్టకముందే, క్వారీలోనో గోదాములోనో, తేలిపోయే విషయం. మోటారు వాహనాల చట్టంలోని 194వ సెక్షన్ ప్రకారం అధిక లోడుకు 20 వేల రూపాయల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు. అదనపు లోడు దించాకే బండి కదలనివ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. రోడ్డు మీద ఎక్కువగా కనిపించేది జరిమానా రశీదే. లోడు దించే దృశ్యం అరుదు.

దర్యాప్తు మొదలయ్యే తీరు

రోడ్డు ప్రమాదం జరిగితే ముందుగా వచ్చేది ఆ పరిధిలోని పోలీసు స్టేషను. మొదటి పని ప్రాణాలు కాపాడడం, రెండోది ట్రాఫిక్ మళ్లించడం, మూడోది ఆధారాలు భద్రపరచడం. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగవు. చిక్కుకున్నవారిని తీయాలంటే వాహనాలను కోయాలి, లాగాలి. ట్రాఫిక్ కదలాలంటే క్రేనుతో పక్కకు జరపాలి. అలా జరిపిన క్షణంలో అవి ఏ కోణంలో ఆగాయి, చక్రాలు ఎటు తిరిగి ఉన్నాయి, టైరు జారిన గుర్తు ఎక్కడ మొదలైంది అన్న సాక్ష్యం చెరిగిపోతుంది. అందుకే మొదటి గంటలో తీసిన ఫొటోలకు, వీడియోలకు దర్యాప్తులో ఎనలేని విలువ ఉంది.

ఎఫ్ఐఆర్ నమోదయ్యాక పంచుల సమక్షంలో ఘటనా స్థలం పంచనామా రాస్తారు, రఫ్ స్కెచ్ గీస్తారు. ఆ స్కెచ్‌లో రోడ్డు వెడల్పు, తారు అంచు నుంచి వాహనాల దూరం, గాజు పెంకులు ఎక్కువగా పడ్డచోటు, నూనె మరకలు, దగ్గర్లోని కిలోమీటరు రాయి చూపాలి. గాజు పెంకులు, రాలిన మట్టి ఎక్కడ కుప్పపడ్డాయో సాధారణంగా వాహనాలు తాకిన చోటు అదే. ఎవరు ఎవరి వరుసలోకి వచ్చారో సాక్షుల మాటల కన్నా ఈ కుప్ప గట్టిగా చెబుతుంది. ఆ తర్వాత శవ పంచనామా, పోస్టుమార్టం జరుగుతాయి.

వాహనాల తనిఖీ రవాణా శాఖలోని మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు పని. బ్రేకు, స్టీరింగు, టైర్లు, లైట్లు, గేరు ఏ స్థానంలో ఉంది, స్పీడు మీటరు ముల్లు ఎక్కడ ఆగింది, ఇవన్నీ చూసి, ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరిగిందా లేదా అని నివేదిక ఇస్తారు. మన కోర్టు రికార్డుల్లో ఈ నివేదికలు చాలావరకు ఒక్క వాక్యంతో ముగుస్తాయి: యాంత్రిక లోపం కారణం కాదు. ఆ వాక్యంతో వాహనం విడుదలవుతుంది. నెపం డ్రైవరు మీద స్థిరపడుతుంది. బస్సు బాడీ ఎందుకు అంత తేలిగ్గా చీలిపోయింది, సీట్లు నేల నుంచి ఎందుకు ఊడిపోయాయి అన్న ప్రశ్నలకు ఆ ఫారంలో గడులే లేవు.

కొత్త పద్ధతులు కొన్ని వచ్చాయి. ఐఐటీ మద్రాస్, జాతీయ సమాచార కేంద్రం కలిసి రూపొందించిన ఐరాడ్, దాని కొనసాగింపు ఈ-డార్ విధానంలో పోలీసు అధికారి ఘటనా స్థలం నుంచే సెల్‌ఫోన్‌లో ఫొటోలు, అక్షాంశ రేఖాంశాలు నమోదు చేయాలి. రవాణా, రోడ్లు, ఆరోగ్య శాఖలు తమ వంతు వివరాలు అందులోనే చేర్చాలి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం తొలి నివేదికను 48 గంటల్లో, వివరమైన ప్రమాద నివేదికను 90 రోజుల్లో పరిహారాల ట్రిబ్యునల్‌కు అందించాలి. ఈ గడువులు కచ్చితంగా పాటించాలని, అందుకు ప్రత్యేక విభాగాలు పెట్టాలని 2022 డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

నేరం, శిక్ష

2024 జులై 1 వరకు నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరానికి భారత శిక్షాస్మృతి 304-ఎ సెక్షన్ వర్తించేది. గరిష్ఠ శిక్ష రెండేళ్లు. దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106(1) సెక్షన్ దాన్ని ఐదేళ్లకు పెంచింది. ప్రాణం తీసి పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా శిక్ష వేసే 106(2) సెక్షన్‌ను మాత్రం, 2024 జనవరిలో లారీ డ్రైవర్ల సమ్మె తర్వాత, కేంద్రం అమల్లోకి తేకుండా పక్కన పెట్టింది.

మీర్జాగూడలో రెండు వాహనాల డ్రైవర్లూ చనిపోయారు. చనిపోయిన మనిషి మీద క్రిమినల్ కేసు నడవదు. నేరం ఎవరిది అన్న ప్రశ్న అక్కడ చాలావరకు శ్మశానంలోనే ముగిసింది. టిప్పర్ ఎంత లోడుతో బయలుదేరింది, ఎవరు లోడు చేయించారు, ఆ రోడ్డు ఎందుకలా ఉంది, బస్సులో అంతమంది ఎందుకు ఎక్కాల్సి వచ్చింది అన్న ప్రశ్నలకు చావు లేదు. వాటికి జవాబు చెప్పాల్సినవారంతా బతికే ఉన్నారు.

రోడ్డు లోపానికి బాధ్యత మోపే దారి చట్టంలో ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 198-ఎ సెక్షన్ ప్రకారం రోడ్డు రూపకల్పన, నిర్మాణం, నిర్వహణలో ప్రమాణాలు పాటించని సంస్థకు, కాంట్రాక్టరుకు, సలహాదారుకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. పంతొమ్మిది ప్రాణాల ముందు లక్ష రూపాయలు ఏపాటి? ఆ చిన్న జరిమానా అయినా పడాలంటే దర్యాప్తు అధికారి రోడ్డును కూడా నిందితుడిలా పరిశీలించాలి. స్టేషను ఎస్ఐకి రోడ్డు ఇంజనీరింగు నేర్పే శిక్షణ లేదు. రోడ్డు కట్టినవారినే దాని మీద నివేదిక అడిగితే ఏం వస్తుందో చెప్పనక్కర్లేదు.

బ్లాక్ స్పాట్ల గుర్తింపు కూడా ఇలాంటి వెనుకచూపుతోనే సాగుతోంది. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల నిడివిలో మూడేళ్లలో ప్రాణాలు తీసిన, లేదా తీవ్రంగా గాయపరిచిన ప్రమాదాలు ఐదు జరిగినా, పది మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. ఒక మలుపు ప్రమాదకరమని రుజువు కావడానికి ఇన్ని చావులు ముందే జరిగి ఉండాలి.

చిన్నటేకూరు: ఒక ప్రమాదంలోంచి మరో ప్రమాదం

పలు వాహనాల ప్రమాదాల్లో ఒక దెబ్బ మరో దెబ్బకు కారణమయ్యే తీరును చిన్నటేకూరు ఘటన స్పష్టంగా చూపింది. 2025 అక్టోబరు 24, తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు 44వ నంబరు జాతీయ రహదారి మీద, కర్నూలు జిల్లా కల్లూరు మండలం చిన్నటేకూరు దగ్గర, మోటారు సైకిల్ ఒకటి అదుపు తప్పి డివైడరును తాకింది. నడుపుతున్న యువకుడు అక్కడికక్కడే చనిపోయాడు. అతను మద్యం మత్తులో ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. వెనుక కూర్చున్న స్నేహితుడు అతన్ని రోడ్డు పక్కకు లాగి, బండిని తీయబోతుండగానే హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు ట్రావెల్స్ బస్సు వచ్చి రోడ్డు మీద పడి ఉన్న ఆ బండి మీదికి ఎక్కింది. బండి బస్సు కింద ఇరుక్కుంది. బస్సు దాన్ని ఈడ్చుకుంటూ ముందుకు పోయింది. రాపిడికి నిప్పురవ్వలు లేచాయి. బండి ట్యాంకులోని పెట్రోలు కారింది. ముందు భాగంలో మంట పుట్టింది.

మొదట పోలీసులకు కనిపించింది బస్సు, బైకు ఢీకొన్న ప్రమాదం. బైకు అంతకుముందే పడి ఉందన్న సంగతి సీసీ కెమెరాల దృశ్యాలతో, బతికిన స్నేహితుడి వాంగ్మూలంతో తర్వాత తేలింది. దాంతో కథ మారింది: రెండు ప్రమాదాలు, వాటి మధ్య కొన్ని నిమిషాలు. ఆ నిమిషాల్లో ఇతర వాహనాలు ఆ పక్కగా సాగిపోయాయి. వాటిలోని వారెవరైనా ఆగి పార్కింగ్ లైట్లు వేసి ఉంటే, 112కో జాతీయ రహదారి సహాయ నంబరు 1033కో ఫోను చేసి ఉంటే ఏమయ్యేదో ఎవరూ కొలిచి చెప్పలేరు. రోడ్డు మీద అడ్డం పడి ఉన్న వాహనం ప్రమాదమేనని, దాని వెనుక వచ్చేవారిని హెచ్చరించడం సాయం చేయడంతో సమానమని ఈ ఘటన చెబుతుంది.

బస్సు తగలబడ్డ తీరు మీద దర్యాప్తు మరో దారిలో సాగింది. సీటర్‌గా రిజిస్టరైన బస్సును స్లీపర్‌గా మార్చి తిప్పుతున్నారని తేలింది. బస్సును మొదట డామన్ డయ్యూలో, తర్వాత ఒడిశాలో రిజిస్టరు చేయించారు. మంటల్లో ముందు తలుపు తెరుచుకోలేదు. అద్దాలు పగలగొట్టుకుని దూకినవారే బతికారు. సామాన్ల గదిలో పార్సిల్‌గా వెళ్తున్న రెండు వందలకు పైగా స్మార్ట్‌ఫోన్ల బ్యాటరీలు, బస్సు సొంత బ్యాటరీలు మంటను పెంచాయని అగ్నిమాపక, ఫోరెన్సిక్ అధికారులు చెప్పారు. గుర్తుపట్టలేనంతగా కాలిన దేహాలను డీఎన్ఏ పరీక్షలతో పోల్చి కుటుంబాలకు అప్పగించారు. డ్రైవరును, ఆ తర్వాత బస్సు యజమానిని పోలీసులు అరెస్టు చేశారు. రెండు రాష్ట్రాల్లో కొన్ని వారాల పాటు రవాణా శాఖ ప్రైవేటు బస్సుల మీద తనిఖీలు చేసింది.

ఇదే 44వ నంబరు రహదారి మీద అంతకు పన్నెండేళ్ల ముందు పాలెం ఘటన జరిగింది. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తకోట మండలం పాలెం దగ్గర కారును దాటబోయి కల్వర్టు గోడను తాకింది. డీజిల్ ట్యాంకు పగిలి బస్సు నిలువునా కాలిపోయింది. 45 మంది చనిపోయారు. ట్యాంకు ఎక్కడ ఉండాలి, అత్యవసర ద్వారాలు ఎన్ని ఉండాలి, మంటను పసిగట్టే పరికరం ఎందుకు లేదు అని అప్పుడు అడిగిన ప్రశ్నలనే చిన్నటేకూరు తర్వాత మళ్లీ అడిగారు. స్లీపర్ బస్సుల బాడీకి, మంటలను గుర్తించే పరికరాలకు ఈ మధ్యకాలంలో ప్రమాణాలు వచ్చాయి. పాత బస్సులకు, షెడ్డుల్లో మార్పులు చేయించుకున్న బస్సులకు అవి చేరలేదు.

2019 మే 11న అదే రహదారి మీద కర్నూలు జిల్లా వెల్దుర్తి దగ్గర ఒక బస్సు బైకును తప్పించబోయి ఎదురుగా వస్తున్న తుఫాన్ వాహనాన్ని ఢీకొంది. పెళ్లి నిశ్చితార్థానికి వెళ్లి తిరిగి వస్తున్న గద్వాల ప్రాంతపు గ్రామస్తులు పదిహేను మందికి పైగా చనిపోయారు.

పరిహారం

క్రిమినల్ కేసు ఫలితం ఎలా ఉన్నా, నష్టపరిహారం వేరే దారి. అది మోటారు ప్రమాద పరిహారాల ట్రిబ్యునల్‌లో తేలుతుంది. జిల్లా కోర్టే ఆ పని చేస్తుంది. తప్పు ఎవరిదని రుజువు చేయనక్కర్లేకుండా, మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద చనిపోతే 5 లక్షలు, తీవ్రంగా గాయపడితే రెండున్నర లక్షలు పొందవచ్చు. సంపాదనకు తగ్గ పూర్తి పరిహారం కావాలంటే 166వ సెక్షన్ కింద దరఖాస్తు చేసి నిర్లక్ష్యాన్ని చూపించాలి. వయసు, ఆదాయం, ఆధారపడ్డవారి సంఖ్యను బట్టి లెక్క కట్టే పద్ధతిని సుప్రీంకోర్టు సరళా వర్మ (2009), ప్రణయ్ సేఠీ (2017) తీర్పుల్లో స్థిరపరిచింది.

రెండు మూడు వాహనాలు తాకిన ప్రమాదాల్లో బాధితుల కుటుంబాలకు తెలిసి ఉండాల్సిన తీర్పు మరొకటి ఉంది. రెండు వాహనాల తప్పూ కలిసి మూడో మనిషికి నష్టం జరిగితే, ఎవరి వాటా ఎంత అని తేలేదాకా ఆ మనిషి ఆగనక్కర్లేదు. పరిహారం మొత్తాన్ని ఇద్దరిలో ఎవరి నుంచైనా వసూలు చేసుకోవచ్చని 2015లో ఖేన్యేయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాటాల పంచాయతీ ఆ యజమానులు, బీమా కంపెనీలు తమలో తాము తేల్చుకోవాలి. బస్సు ప్రయాణికుడు బస్సు తప్పా, లారీ తప్పా అన్న తగవులో నలిగిపోకుండా కాపాడే తీర్పు ఇది. దరఖాస్తుకు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలల గడువును 2019 సవరణ పెట్టింది. 2022 ఏప్రిల్ 1న అది అమల్లోకి వచ్చింది. దుఃఖంలో ఉన్న పల్లె కుటుంబానికి ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి. ప్రభుత్వం ప్రకటించే ఎక్స్‌గ్రేషియాను చాలామంది ఇదే పరిహారమనుకుని అక్కడితో ఆగిపోతారు. అది వేరు, ఇది వేరు.

వైద్యానికి సంబంధించి, 2025 మే 5 నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు నిర్దేశిత ఆసుపత్రుల్లో ఏడు రోజుల పాటు లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్స అందాలి. బాధితుడిని ఆసుపత్రికి చేర్చినవారిని పోలీసులు వేధించకుండా మోటారు వాహనాల చట్టంలోని 134-ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది.

కారణం వెతికే దర్యాప్తు

ప్రమాదాన్ని తప్పొప్పుల లెక్కగా కాకుండా కారణాల వరుసగా చూడడం నేర్పినవారిలో అమెరికా వైద్యుడు విలియం హాడన్ ఒకరు. ప్రమాదానికి ముందు, ప్రమాద సమయంలో, ఆ తర్వాత అని మూడు దశలు తీసుకుని, ఒక్కో దశలో మనిషి, వాహనం, పరిసరం ఏం చేశాయో విడివిడిగా అడగాలన్నది ఆయన పద్ధతి. మీర్జాగూడను అలా పరిశీలిస్తే డ్రైవరు పొరపాటు ఒక గడిలో మాత్రమే వస్తుంది. లోడు, తొట్టి, బస్సు పక్క గోడ, డివైడరు లేకపోవడం, నిండిపోయిన బస్సు, కంకర తోడడానికి పట్టిన సమయం, మిగతా గడులన్నీ వీటితో నిండుతాయి.

కారణం వెతికే దర్యాప్తుకు ఒక ఉదాహరణ చూద్దాం. 1990 డిసెంబరు 11న అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం కాల్హౌన్ దగ్గర దట్టమైన పొగమంచులో 99 వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకుని 12 మంది చనిపోయారు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తు చేసింది. ఆ మండలి ఎవరినీ శిక్షించదు. కారణం వెతికి, సిఫార్సు చేసి, వాటి అమలును వెంటాడుతుంది. ఆ చోట తర్వాత పొగమంచును పసిగట్టి డ్రైవర్లను హెచ్చరించి, వేగ పరిమితిని తగ్గించే ఏర్పాటు పెట్టారు. భారతదేశంలో రైలు ప్రమాదాలకు రైల్వే భద్రతా కమిషన్, విమాన ప్రమాదాలకు విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో (ఏఏఐబీ) ఇలాంటి దర్యాప్తు చేస్తాయి.

2023లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,72,890 మంది చనిపోయారు. అంతకు ముందటి ఏడాది 1,68,491 మంది. మొత్తం రోడ్ల నిడివిలో సుమారు రెండు శాతమే ఉన్న జాతీయ రహదారుల మీద మూడో వంతుకు పైగా చావులు జరుగుతున్నాయి. రాజస్థాన్‌లోని ఫలోదీ దగ్గర నవంబరు 2న, మరునాడే మీర్జాగూడలో జరిగిన ప్రమాదాల నేపథ్యంలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తనంతట తానుగా విచారణకు చేపట్టి, రహదారి పక్క ధాబాలు, రోడ్ల స్థితి మీద కేంద్రం నుంచి, జాతీయ రహదారుల సంస్థ నుంచి నివేదికలు కోరింది. మోటారు వాహనాల చట్టంలో ఉన్న జాతీయ రోడ్డు భద్రతా మండలి సలహాలు ఇచ్చే సంస్థ. ఒక రోడ్డు ప్రమాదం జరిగినప్పుడు పోలీసులకూ, రోడ్డు కట్టినవారికీ, వాహన యజమానికీ సంబంధం లేకుండా స్వతంత్రంగా కారణం వెతికి, నివేదికను ప్రజల ముందు పెట్టే శాశ్వత సంస్థ దేశంలో లేదు.